తెరచాపకి ఒక మడత

మాది బండారులంక అని చెప్పగానే ఎవరైనా అడిగేది చీరల గురించే. అమలాపురం పక్కనున్న మా ఊరికి పేరొచ్చింది మగ్గాల వల్ల కాబట్టి అందులో తప్పేం లేదు. మన హాస్టల్లో మాత్రం నన్ను అడిగే ప్రశ్న వేరు: "కాకినాడలో పడవ తిరగేసింది నువ్వేనటగా?" ఆయ్, నేనేనండి.

రెండో సంవత్సరంలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ శిక్షణకి వెళ్లినప్పుడు జరిగింది. కాకినాడ దగ్గర సముద్రానికి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంటుంది. అందువల్ల లోపల అలలు తక్కువ. ద్వీపం ఎత్తు తక్కువ కాబట్టి గాలికి మాత్రం అడ్డేం లేదు. ఆ రోజు బయల్దేరే ముందు శిక్షకుడు "గాలి పెరిగేలా ఉంది, ఒక రీఫ్ వేసుకుని వెళ్లండి" అన్నారు. చుక్కాని నా చేతిలో ఉంది. పక్క రెండు పడవలూ పూర్తి తెరచాపతో వెళ్తున్నాయి. "పర్లేదు సార్, చూసుకుంటాం" అన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత పడవ బోర్లా పడింది. నేను ఒక పక్కకి తేలాను. నాతో వచ్చిన బ్యాచ్‌మేట్ తెరచాప కింద ఉండిపోయాడు. లైఫ్ జాకెట్ వాణ్ణి పైకి తోస్తోంది, పైన తడిసిన గుడ్డ కదలట్లేదు. ఎన్ని సెకన్లో నేను లెక్కపెట్టలేదు. వాడు బయటికి వచ్చాక నన్ను తిట్టలేదు. నెల రోజులపాటు నాతో పడవ మాత్రం ఎక్కలేదు.

ఈ ఏడాది మన జూనియర్లు కొందరు నేవల్ వింగ్‌లో చేరారు. తెరచాపని ఎలా సర్దాలి, ఎప్పుడు తగ్గించాలి అని నేను ఆలస్యంగా నేర్చుకున్నదంతా వాళ్ల కోసం ఒకచోట రాస్తున్నాను.

ముందు పడవ సంగతి

మాది ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరు మనుషుల డింగీ. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ గీసిన డిజైన్. పొడవు 4.04 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్ల పైచిలుకు, ఖాళీ పడవ బరువు సుమారు 90 కిలోలు. కారు వెనక ట్రైలర్ మీద పెట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

మధ్యలో నిలబడే స్తంభం మాస్ట్. దానికి అడ్డంగా, మన నడుం ఎత్తున ఉండే కొయ్య బూమ్. ఈ రెంటికీ కట్టి ఉండేది పెద్ద తెరచాప, మెయిన్ అంటాం. ముందుండే చిన్నది జిబ్. రెండూ కలిపి సుమారు 10.5 చదరపు మీటర్లు. తెరచాపని పైకెత్తే తాడు హాల్యార్డ్. లోపలికి లాగి, బయటికి వదిలే తాడు పేరు షీట్. పేరు విని నేను మొదటి రోజు గుడ్డ పట్టుకున్నాను, మీరు ఆ పొరపాటు చేయకండి. పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దిగే పలక సెంటర్‌బోర్డు.

తెరచాప చదునైన గుడ్డ కాదు. గాలి నిండినప్పుడు దానికి ఒక పొట్ట వస్తుంది. ఆ పొట్ట ఎంత లోతు, ఎక్కడ ఉంది అన్న రెండు ప్రశ్నల మీదే సర్దుబాట్లన్నీ నడుస్తాయి. పొట్ట ఎక్కువైతే బలం ఎక్కువ. పొట్ట వెనక్కి జరిగితే పడవ ముందుకి పోవడం తగ్గి, పక్కకి వాలడం పెరుగుతుంది.

గాలి లెక్క

సముద్రం మీద గాలిని నాట్లలో కొలుస్తారు. మన వరి నాట్లు కాదు లెండి, ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో అందరం రాశాం. పరీక్షలో రాయడం వేరు, పడవలో కూర్చుని గుర్తు తెచ్చుకోవడం వేరు. 1996 నవంబరు 6 తుఫాను గురించి మా కోనసీమ పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు, కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో. వాళ్లకి వర్గం లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

మా పడవకి ఉజ్జాయింపుగా లెక్క వేశాను. గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కిలోలు, తెరచాప గుణకం 1, తోపు మొత్తం పక్కకే ఉందనుకుందాం. 10 నాట్ల గాలిలో తోపు సుమారు 170 న్యూటన్లు. ఆ తోపు కేంద్రానికీ, నీళ్లలో సెంటర్‌బోర్డు కేంద్రానికీ మధ్య ఎత్తు 2.7 మీటర్లు అనుకుంటే, పడవని పడగొట్టే మొమెంట్ 460 న్యూటన్ మీటర్లు. ఇద్దరం కలిసి 130 కిలోలం. అంచు మీద కూర్చుని వెనక్కి వాలితే, మధ్య గీత నుంచి మా బరువు కేంద్రం 1.2 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మేం నిలబెట్టగలిగింది దాదాపు 1,530. చాలా తీరిక.

అదే గాలి 20 నాట్లకి వెళ్తే పడగొట్టే మొమెంట్ 1,800 దాటుతుంది. ఎంత వాలినా మేం ఓడిపోయినట్టే.

ఇప్పుడు మెయిన్‌లో 2 చదరపు మీటర్లు మడిచేద్దాం. విస్తీర్ణం 8.5కి తగ్గింది. తెరచాప పై కొన కిందికి దిగింది కాబట్టి తోపు కేంద్రం కూడా 2.3 మీటర్లకి దిగింది. మొమెంట్ 1,250. మళ్లీ మన చేతిలోకి వచ్చింది. రీఫ్ అంటే ఈ మడతే. గుడ్డ తగ్గించింది అయిదో వంతు కూడా కాదు, పడగొట్టే బలం తగ్గింది మూడో వంతుకి దగ్గరగా.

వేగం పోతుందేమో అని భయం అక్కర్లేదు. బాగా వాలిపోయిన పడవ గాలివైపుకి తిరిగిపోవాలని చూస్తుంది, దాన్ని ఆపడానికి చుక్కానిని గట్టిగా లాగి పట్టుకోవాలి. అలా అడ్డం తిరిగిన చుక్కాని నీళ్లలో బ్రేకులా పనిచేస్తుంది. గట్టి గాలిలో రీఫ్ వేసి నిటారుగా నడిచే పడవ చాలాసార్లు పూర్తి తెరచాపతో వాలిపోయినదాని కంటే ముందుంటుంది.

గుడ్డ లెక్క

బోర్లా పడినప్పుడు మాస్ట్ కొన అడుగున బురదలో దిగి, మెయిన్ వెనక అంచు దగ్గర జానెడు చిరిగింది. నేనే కుట్టించుకొస్తానని చెప్పి సెలవులకి ఇంటికి తీసుకెళ్లాను. నాన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఆ గుడ్డని వెలుతురుకి పెట్టి చూశారు. రెండు బొటనవేళ్లతో నిలువుగా లాగారు, అడ్డంగా లాగారు, తర్వాత ఐమూలగా లాగారు.

"ఏరా, దీని బరువంతా ఎటేపు పడుద్ది?"

వెనక అంచు వెంబడి, పైనుంచి కిందికి అని చూపించాను.

"అదీ సంగతి. పేక మీద మోసే గుడ్డ ఇది. మన చీరలో బిగువంతా పడుగుది. ఇందులో పేక దారాన్ని తిన్నగా ఉంచి, పడుగునే దాని చుట్టూ వంకర తిప్పారు. తిన్నగా ఉన్న దారం సాగదు."

తెరచాప ముక్కలు వెనక అంచుకి లంబంగా, అడ్డంగా పేర్చి కుడతారు. అందుకే పడుగు అడ్డంగా పోతుంది, పేక వెనక అంచుతో సమానంగా నిలువుగా వస్తుంది. నాన్న ఎప్పుడూ తెరచాప పడవ ఎక్కలేదు. అయినా ఈ మాట నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

"మరి ముందు అంచు?" అన్నాను.

"అది దారం వెంబడి లేదు కదా, ఏటవాలుగా ఉంది. ఐమూల సాగుద్ది. చూడు." ముందు అంచుని పట్టుకుని కిందికి లాగారు. గుడ్డలో ఉన్న వదులంతా ముందు అంచు వైపుకి జరిగి చేరింది.

సర్దుబాట్లలో సగం నాకు అక్కడే అర్థమైంది. గాలి పెరిగితే గుడ్డ సాగి పొట్ట వెనక్కి జరుగుతుంది. ముందు అంచుని కిందికి లాగి బిగిస్తే పొట్ట మళ్లీ ముందుకి వస్తుంది.

మడతకి ముందు చేసేవి

గాలి కొంచెం పెరగ్గానే మడత వేయక్కర్లేదు. ముందు ఉన్న తెరచాపనే పలచన చేస్తాం. నేను చేసే వరుస ఇది.

అవుట్‌హాల్: తెరచాప వెనక మూలని బూమ్ చివరికి లాగే తాడు. బిగిస్తే కింది భాగంలో పొట్ట పోయి చదునవుతుంది.

కన్నింగ్‌హామ్: ముందు అంచుని కిందికి లాగే తాడు. నాన్న చేత్తో చేసి చూపించింది ఇదే. ముందు అంచు దగ్గర అడ్డం ముడతలు పోయేదాకా లాగితే చాలు.

కిక్కర్: బూమ్ పైకి లేవకుండా కిందికి పట్టి ఉంచే తాడు. గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు బిగిస్తే మాస్ట్ కొద్దిగా వంగి తెరచాప చదునవుతుంది. గాలి పక్కనుంచో వెనకనుంచో వస్తుంటే మాత్రం దీన్ని కాస్త వదలాలి. లేకపోతే పడవ వాలినప్పుడు బూమ్ చివర నీళ్లలో దిగుతుంది. అప్పుడు షీట్ వదిలినా తెరచాప బయటికి పోదు.

జిబ్: దాని షీట్ దారి తీసే కప్పీని వెనక్కి జరిపితే పై భాగం తెరుచుకుని గాలి జారిపోతుంది.

సెంటర్‌బోర్డు: పావు వంతు పైకెత్తితే పడగొట్టే ఎత్తు తగ్గుతుంది, చుక్కాని మీద లాగుడు కూడా తగ్గుతుంది.

మెయిన్ షీట్ ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. ఈదురుగాలిలో దాన్ని క్లీట్‌లో బిగించి కూర్చోవద్దు. తోపు రాగానే అర అడుగు వదలాలి, తగ్గగానే మళ్లీ లాక్కోవాలి.

ఇవన్నీ చేశాక కూడా షీట్ వదిలే పట్టుకోవాల్సి వస్తుంటే, మెయిన్ ముందు సగం ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటే, సర్దుబాట్ల పని అయిపోయినట్టు. ఇక మడతే.

గాలి పలచగా ఉన్న రోజు ఇదంతా తిరగేసి చేయాలి. తాళ్లన్నీ కాస్త వదిలితే పొట్ట వస్తుంది. మరీ గాలి లేకపోతే మళ్లీ కొంచెం చదును చేయాలి, ఎందుకంటే ఆ నీరసపు గాలి లోతైన పొట్ట చుట్టూ తిరగలేక విడిపోతుంది.

మడత వేసే వరుస

మా శిక్షణ పడవ మెయిన్‌కి ఒక వరుస రీఫ్ ఉంది. కింది అంచుకి పైన ముందు అంచులో ఒక పెద్ద కన్నం, వెనక అంచులో ఒకటి, మధ్యలో వరుసగా చిన్న కన్నాలు. పెద్ద కన్నాలు రెండూ బరువు మోస్తాయి, చిన్నవి మోయవు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాది సులువు.

1. పడవని దాదాపు గాలికి ఎదురుగా తిప్పి, మెయిన్ షీట్, కిక్కర్ రెండూ వదిలేయాలి. తెరచాప కొట్టుకుంటుంది, కంగారు పడకండి. తల మాత్రం బూమ్‌కి కింద ఉంచండి.

2. ఒకరు చుక్కాని పట్టుకోవాలి. పని చేసేది రెండో మనిషి ఒక్కడే.

3. హాల్యార్డ్‌ని వదులుతూ ముందు కన్నం బూమ్ మొదలు దాకా దించి, అక్కడి కొక్కేనికి తగిలించాలి. ఎంత దించాలో హాల్యార్డ్ మీద ముందే రంగుతో గుర్తు పెట్టుకుంటే వెతుక్కోనక్కర్లేదు.

4. హాల్యార్డ్‌ని మళ్లీ గట్టిగా బిగించాలి. ముందు అంచు వదులుగా ఉంటే పొట్ట వెనక్కి పోయి, రీఫ్ వేసిన లాభం సగం పోతుంది.

5. వెనక కన్నంలోంచి తాడు పోనిచ్చి బూమ్‌కి కట్టాలి. ఇది వెనక్కీ లాగాలి, కిందికీ లాగాలి. కిందికి మాత్రమే లాగితే తెరచాప సంచిలా తయారవుతుంది.

6. మిగిలిన గుడ్డని చుట్టి, చిన్న కన్నాల్లోంచి తాళ్లతో వదులుగా కట్టాలి. స్కౌట్స్‌లో నేర్పిన రీఫ్ ముడికి ఆ పేరు వచ్చింది ఈ పని వల్లే. బిగించి కడితే బరువు వాటి మీద పడి గుడ్డ అక్కడ చిరుగుతుంది.

7. కిక్కర్, తర్వాత షీట్ లాగి బయల్దేరాలి.

విప్పేటప్పుడు చిన్న తాళ్లు ముందు విప్పాలి. అవి మరిచిపోయి హాల్యార్డ్ లాగితే చిరగడం ఖాయం.

మెయిన్ మడిచే బదులు జిబ్ దించేస్తే పోలేదా అని అడుగుతారు. తోపు తగ్గుతుంది గానీ దాని కేంద్రం వెనక్కి జరుగుతుంది, పడవ గాలివైపుకి ఇంకా మొండిగా తిరుగుతుంది. మెయిన్ పూర్తిగా దించి జిబ్ ఒక్కటే ఉంచితే దానికి వ్యతిరేకం, గాలికి ఎదురెక్కదు. తీరం గాలివాటున ఉంటేనే అది పనికొస్తుంది.

ఇదంతా మొదట నేల మీద, ట్రైలర్ మీదున్న పడవలో చేయండి. మేమిద్దరం మొదటిసారి పన్నెండు నిమిషాలు తీసుకున్నాం. ఇప్పుడు రెండు నిమిషాల లోపే అవుతోంది.

ఎప్పుడు?

మా మావయ్యది బోడసకుర్రు వైపు. వైనతేయ పాయలో చిన్న నావ మీద చేపలు పడతాడు. నా ఘనకార్యం ఆయనకి చెప్పాను. ఓదార్చలేదు, తిట్టలేదు. "పడిపోయే ముందు నీకేం కనబడిందిరా?" అన్నాడు.

ఏమీ కనబడలేదన్నాను. ఆయన నవ్వాడు. "కనబడుద్ది. నువ్వు చూళ్లేదు."

ఆ సాయంత్రం రేవులో కూర్చుని చూపించాడు. దూరంగా నీళ్ల మీద నల్లటి మచ్చ కదిలి వస్తుంటే అది గాలి విసురు. అవతలి గట్టు మీద కొబ్బరి మట్టలన్నీ ఒక్కసారి ఒకేవైపు తిరిగితే అది ఇంకో నిమిషంలో మన దగ్గరికి వస్తుంది. పాటు సముద్రం వైపు లాగుతున్నప్పుడు గాలి సముద్రం నుంచి వస్తే, రెండూ ఎదురుబొదురై అలలు నిటారుగా లేస్తాయి. అదే గాలి పోటు మీద వస్తే నీళ్లు మామూలుగానే ఉంటాయి. కాబట్టి అలని చూసి ఒక్కటే గాలిని అంచనా వేయకూడదు. గాలి ఎక్కువైతే ఆయన తెరచాప కట్టిన వాసాన్ని సగానికి దించేస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరంటూ ఏం లేదు.

1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి మొదలుపెట్టిన గాలి స్కేలు కూడా ఇలాంటి చూపులనే పట్టికలో పెట్టింది. ఇప్పటి పట్టిక ప్రకారం అక్కడక్కడ తెల్లటి నురగ తలలు కనబడితే 7 నుంచి 10 నాట్లు. తరచుగా కనబడితే 11 నుంచి 16. ఇద్దరు కొత్తవాళ్లున్న చిన్న పడవ మడత గురించి ఆలోచించాల్సింది ఈ రెండో మెట్టు దగ్గరే.

నాకు ఆ రోజు కనబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది మాత్రం తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటేనే తెలిసింది. మేం గాలివాటున పోతున్నాం. 15 నాట్ల గాలిలో పడవ 5 నాట్లతో పోతుంటే, మన మొహానికి తగిలేది 10 నాట్లే. హాయిగా ఉంది, "సార్ ఊరికే భయపెట్టారు" అనుకున్నాను. వెనక్కి రావడానికి గాలికి ఎదురుగా తిప్పగానే పడవ వేగం గాలికి కలిసింది. తగిలేది 18 నాట్లు. తోపు మూడింతల పైనే. గాలి ఏమాత్రం పెరగకుండానే, మలుపు తిరిగిన ఆ కొన్ని సెకన్లలో మా పడవ మీద తోపు మూడింతలైంది. నా షీట్ క్లీట్‌లో బిగించి ఉంది.

అందుకని ఇప్పుడు నా నియమం: గాలివాటున హాయిగా పోతున్నప్పుడే, తిరుగు ప్రయాణానికి ఈ తెరచాప ఎక్కువ కాదా అని అడుగుతాను. మడత వేయాలా అన్న ఆలోచన ఒకసారి వచ్చిందంటే వేసేస్తాను. అక్కర్లేదని తేలితే విప్పడం రెండు నిమిషాల పని. గాలి ముదిరాక వేయడం మాత్రం చాలా కష్టం.

గట్టు మీద జాగ్రత్తలు

ట్రైలర్ పడవతో నీళ్లలో కంటే గట్టు మీదే పెద్ద ప్రమాదం ఒకటుంది. మాస్ట్ అల్యూమినియంది. నిలబెట్టే ముందు పైకి చూడండి. మా కోనసీమ రేవుల్లో కొబ్బరి చెట్ల మధ్య కరెంటు తీగలు కనబడవు. మాస్ట్ నిలబెట్టాక పడవని ట్రైలర్ మీద నడిపించేటప్పుడు కూడా దారంతా పైకి చూసుకోవాలి.

తెరచాపని మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడిచి పెట్టండి. పాలిస్టర్ గుడ్డకి ఎండ, ఊరికే కొట్టుకోవడం, ఈ రెండే శత్రువులు.

పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఈదుకుంటూ పోవద్దు. తెరచాప కింద ఇరుక్కుంటే చేత్తో గుడ్డని పైకి నెట్టాలి, తల చుట్టూ గాలి చేరుతుంది. తర్వాత ఒక కుట్టు పట్టుకుని ఒకే దిక్కుగా వెళ్లాలి. ముక్కల కుట్లు అంచు నుంచి అంచుకి పోతాయి కాబట్టి ఎటు వెళ్లినా బయటికే చేరతాం. నా బ్యాచ్‌మేట్ ఆ రోజు చేసింది ఇదే. మొదటి క్లాసులో చెప్పిన ఆ మాట వాడికి గుర్తుంది. నేను ఆ క్లాసులో ఏం వింటున్నానో నాకు గుర్తు లేదు.

చిరిగిన జానెడుకీ నాన్న పేక వెంబడే అతుకు వేయించారు. తెరచాప తిరిగి తీసుకెళ్లి కట్టిన రోజు వాడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. గాలి ఏమంత లేదు. నేను రీఫ్ తాడు పోనిస్తుంటే దగ్గరికి వచ్చి, ముడి వదులుగా ఉందో లేదో వేలు పెట్టి చూసి, జిబ్ షీట్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు గాలి పెరగలేదు. అందరికంటే చివర వచ్చాం. దారిలో వాడే అన్నాడు, "ఇక విప్పేద్దాం రా, చిన్న తాళ్లు ముందు."